అద్దం పెట్టని కళ్ళు

నంద్యాల నూనెపల్లెలో ఇంతియాజ్ టీవీ రిపేరు షాపుది ఎప్పుడూ ఒకటే వాసన. కరిగిన సీసం, మాడిన వైరు, పక్కన బండి మీద వేగే మిరపకాయ బజ్జీ. ఆ వాసనలో కూర్చుని పనిచేసే ఆడమనిషి మల్లీశ్వరి. కొత్తవాళ్ళు టీవీని భుజాన మోసుకొచ్చి "మెకానిక్ యాడమ్మా?" అని అడిగితే, "నీ ముందరే ఉండాది. టీవీ సంగతి తర్వాత, ముందు నీ కండ్లు రిపేరుకు ఇయ్యి" అనేది. నోరు అట్లాంటిది. షాపు ఇంతియాజ్‌దే అయినా ఆ నోటికి అతనూ భయపడేవాడు.

ఆమె పుట్టిల్లు ఆళ్ళగడ్డ. తండ్రి ఓబులాచారి రాతిని దేవుణ్ణి చేసే శిల్పి. ఆడపిల్లకు ఉలి ఇవ్వనన్నాడు, ఏడో తరగతితో బడి కూడా చాలన్నాడు. ఆ కోపంతో మల్లీశ్వరి పాత పేపర్ల కొట్లో తూకానికి అమ్మే పుస్తకాలన్నీ చదివింది. డిటెక్టివు కథలు, వేదాంతం, రేడియో బాగుచేసే పుస్తకాలు... దేన్నీ వదల్లేదు. చదివినకొద్దీ దేవుళ్ళ మీదా, శాస్త్రాల మీదా, తండ్రి మీదా ఆమెకు నవ్వు ఎక్కువైంది. ఆ నవ్వు పోయిన ఎండాకాలంలో ఆగిపోయింది.

పోయిన ఎండాకాలం, అంటే రెండువేల రెండు. సెలవలకు పిల్లలిద్దరినీ ఆళ్ళగడ్డ పంపించింది. పెద్దవాడు అంజి, చిన్నది భ్రమరాంబిక. అంబీ అని పిలుస్తారు. తాత పని కొట్టం వెనక దొడ్లో, రాళ్ళ మధ్య దాగుడుమూతలు ఆడుకున్నారు. "కండ్లు మూసుకో అంబీ. నేను పిలిచేదాకా తెరవొద్దు" అని చెప్పి అంజి దాక్కున్నాడు. కట్టెల ఆనింపు మీద నిలబెట్టిన అమ్మవారి రాయి ఒకటి ఉంది. ఒళ్ళంతా చెక్కడం అయింది, కళ్ళు ఒక్కటే మిగిలాయి. దాని వెనక దూరాడు. కట్టె జారింది.

చుట్టుపక్కలవాళ్ళు పరుగెత్తుకొచ్చి, గడ్డపారలు పెట్టి రాయి లేపి, పిల్లవాణ్ణి బయటికి తీసేదాకా అంబి అక్కడే నిలబడి ఉంది. రెండు చేతులూ కళ్ళ మీదే ఉన్నాయి. ఎంత చప్పుడైనా, ఎవరు ఏడ్చినా, చేతులు తీయలేదు. పిలుపు రాలేదు కదా.

చివరికి ఎవరో బలవంతంగా చేతులు ఊడదీశారు. కళ్ళు తెరిచింది, కానీ ఆ రోజు నుంచి నోరు తెరవలేదు.

కర్నూలు డాక్టర్లు గొంతు బాగుందన్నారు. తాయెత్తు కట్టమని సలహా ఇచ్చిన చుట్టాలను మల్లీశ్వరి గుమ్మం బయటే నిలబెట్టి కడిగి పంపింది. మొగుడు లారీ డ్రైవరు. ఇంటికొస్తే కొడుకు మంచం కనబడుతుందని ఒరిస్సా లోడ్లే ఎక్కువ వేసుకుంటున్నాడు. ఇంట్లో మిగిలింది తల్లీ, మాట లేని బిడ్డా. మల్లీశ్వరికి ఇప్పుడు కావలసింది ఒక్కటే. అంబి నోట ఒక్క మాట. అమ్మా అని కూడా అక్కర్లేదు. నీళ్ళు అన్నా చాలు.

ఏడాది తిరగవస్తోంది. ఒకనాడు అటక మీది సామాన్లు దులుపుతుంటే అంజి బొమ్మ ప్రొక్లైను దొరికింది. క్వారీల్లో రాళ్ళెత్తే బండికి నకలు. పసుపు రంగు ప్లాస్టిక్కు, రెండు పక్కలా రబ్బరు పట్టీలు, ముందు పళ్ళ తొట్టి. రిమోటుతో నడిచేది. రిమోటు మాత్రం లేదు. ఎక్కడుందో మల్లీశ్వరికి తెలుసు. చిన్నపిల్లలను కాల్చరు, పూడుస్తారు. పూడ్చేటప్పుడు రిమోటు అంజి చేతిలో పెట్టింది తనే.

బొమ్మను చూసి అంబి దగ్గరికొచ్చింది. వేలితో తొట్టి పళ్ళు తడిమింది. అన్ని నెలల్లో ఆ పిల్ల తనంతట తాను ఒక వస్తువును తాకడం అదే మొదలు.

మరుసటి రోజు మల్లీశ్వరి దాన్ని షాపు బల్ల మీద పెట్టింది.

"ఇంతియాజూ, దీన్ని రిమోటు లేకుండా నడపాల. దానంతట అదే పోవాల. ఎట్లా?"

"రోబో చేస్తావా అక్కా?" ఇంతియాజ్ నవ్వాడు. "నంద్యాలలో మనుషులే ఒకరు చెప్పందే కదలరు, బొమ్మ కదుల్తాదా?"

"నువ్వు కదలవు కాబట్టి అందరినీ కలిపి చెప్తాండావా? మాటలు తర్వాత, కళ్ళు తీయి."

కళ్ళు అంటే ఎల్‌డీఆర్‌లు. కందిగింజంత బిళ్ళలు, పైన ఎర్రటి మెలికల గీత. వీధిలైట్లు పొద్దు గుంకగానే వాటంతట అవి వెలగడానికి పెట్టేవి ఇవే. వెలుతురు పడితే కరెంటుకు దారి ఇస్తాయి. చీకట్లో మూసుకుంటాయి. ఉపాయం చాలా తేలిక. రిమోటు మాట వినే సర్క్యూటును పీకి పారేయాలి. ఎడమ కంటిని కుడి మోటారుకు, కుడి కంటిని ఎడమ మోటారుకు కలపాలి. అప్పుడు వెలుతురు ఎటు ఉంటే బండి అటు తిరుగుతుంది. చీకటైతే ఆగిపోతుంది. అంతే. అందులో మాయ ఏమీ లేదు.

పని ఇంట్లోనే చేసింది, అంబి చూస్తుండగా. ఎడమ మోటారు కొంచెం నీరసంగా ఉంది. బండి నడిస్తే ఎడమకు లాగుతుంది. అంజి ఉన్నప్పుడూ అంతే. దాన్ని మార్చబుద్ధి కాలేదు.

కళ్ళు చివర పెట్టింది. అలవాటు... శిల్పుల ఇంట్లో పుట్టినదానికి కళ్ళు చివర పెట్టడం తప్ప ఇంకోలా తెలియదు. తండ్రి ఏ విగ్రహానికైనా కళ్ళు తెరిపించే రోజు పిల్లలను ఆ దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. విగ్రహం ఎదురుగా అద్దం పెట్టి, తాను పక్కకు నిలబడి, అద్దంలో చూస్తూ కంటిపాప గీసేవాడు. కొత్తగా తెరుచుకున్న కన్ను ముందు దేన్ని చూస్తే దాన్ని పట్టుకుంటుందట. అందుకని దాని మొదటి చూపు దాని మీదే పడాలట. చిన్నప్పుడే మల్లీశ్వరి "రాయికి చూపేంది నాయనా?" అని అడిగి చెంపదెబ్బ తింది.

ఇప్పుడు సీసం కరిగించి చివరి వైరు అంటిస్తూ ఆ దెబ్బ గుర్తొచ్చి, ముక్కుతో నవ్వింది. సందె వేళ. గదిలో వెలుగుతున్నది ఒక్కటే, గోడ మీద అంజి ఫొటో ముందు పెట్టిన ఎర్ర జీరో బల్బు.

బండి కదిలింది.

గర్‌ర్... మని ఎడమకు కొంచెం లాగి, మళ్ళీ సర్దుకుని, నేరుగా ఫొటో కిందికి పోయింది. గోడకు జానెడు దూరంలో ఆగింది. తొట్టి పైకెత్తిన ఆ బొమ్మ, తల ఎత్తి ఫొటోను చూస్తున్నట్టే ఉంది.

అంబి నవ్వింది. చప్పుడు లేని నవ్వే. అయినా పళ్ళు కనిపించాయి. మల్లీశ్వరి చీర కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

ఆ తర్వాత వారం ఆ ఇంట్లో పండగే. అంబి టార్చి పట్టుకుంటే బండి ఆ వెలుతురు వెంట తిరిగేది. మంచాల కింద, బిందెల సందున. ఆడుతూ ఆడుతూ ఒకరోజు అంబి గొంతులోంచి సన్నని మూలుగులాంటి రాగం వచ్చింది. మాట కాదు. మాటకు ముందర వచ్చేది. మల్లీశ్వరి ఆ రాత్రి భోంచేయలేదు, అంత కడుపు నిండింది.

వెలితి ఒక్కటే. అంబి టార్చి ఆర్పగానే బండి తిరిగి ఫొటో కిందికి పోయేది. పోనీ, ఎర్ర బల్బు ఉంది కదా. ఒక సాయంత్రం బల్బు మాడిపోయింది. అయినా బండి అక్కడికే పోయింది. గోడకు జానెడు దూరంలో ఆగింది.

"వీధి లైటు కిటికీలోంచి పడుంటాది అక్కా" అన్నాడు ఇంతియాజ్.

"అంతే. ఇంకేముంటాది" అంది మల్లీశ్వరి. ఆ కిటికీ మూసే ఉందన్న మాట అతనితో చెప్పలేదు. తనకు తాను కూడా గట్టిగా చెప్పుకోలేదు.

సంవత్సరీకానికి ఆళ్ళగడ్డ పోవాలి. బస్సులో అంబి బండిని ఒళ్ళో పెట్టుకుంది, పసిబిడ్డను పెట్టుకున్నట్టు. బయట ఎండిపోయిన పొద్దుతిరుగుడు చేలు, శిరివెళ్ళ దగ్గర ఎక్కిన పూల గంపలు. అంతా మామూలుగానే ఉంది. బండి మాత్రం ఆళ్ళగడ్డ దగ్గరపడేకొద్దీ ఒళ్ళో చిన్నగా అదురుతోంది. బస్సు అదురు అనుకుంది మల్లీశ్వరి. బస్సు ఆగింది. అదురు ఆగలేదు.

ఓబులాచారి ఈ ఏడాదిలో సగమైపోయాడు. ఉలి పట్టలేదట. మనవడి మీద పడ్డ రాయి కొట్టం వెనక దొడ్లో అలాగే పడి ఉంది. కొనేవాడు లేడు, ముట్టుకునేవాడు లేడు. వెల్లకిలా, కళ్ళు లేని మొహం ఆకాశానికి పెట్టి.

ముసలాయన బండిని చూశాడు. బండి ముందరి రెండు బిళ్ళలూ చూశాడు.

"ఏంది మ్మే అవి?"

"కండ్లు. వెలుతురును చూస్తాది."

"నువ్వే పెట్టినావా?"

"ఉలి ఇయ్యకపోతే ఏమాయె, సీసం కాల్చే కడ్డీ ఉండాదిలే నా కాడ."

ఎగతాళి ఆయన చెవికి ఎక్కలేదు. గొంతు తగ్గించాడు. "ముందర అద్దం పెట్టినావా?"

"నాయనా, ఇది చైనా ప్లాస్టిక్కు! దీనికి నీ శాస్త్రమేంది?"

"శిల్పి బిడ్డవు. నీ చేత్తో కండ్లు తెరిపించినావు. రాయైతేనేమి, ప్లాస్టిక్కైతేనేమి?" ముసలాయన బండి ముందు వంగాడు. "మొదట దేన్ని చూసింది మల్లీ? అది చెప్పు నాకు."

మల్లీశ్వరికి ఆ సందె వేళ గది గుర్తొచ్చింది. ఎర్ర బల్బు. దాని వెనక అంజి ఫొటో.

"గోడను చూసింది" అంది కసిరినట్టు. "గోడకు దెయ్యం పట్టిందా ఏంది?"

"తీసెయ్యి ఆ కండ్లు. పొద్దు గుంకకముందే తీసెయ్యి."

"ఎందుకు తీయాల? ఏడాదికి నా బిడ్డ నవ్వింది దీన్ని చూసి. గొంతు లేస్తాండాది. ఇంకో నాలుగు దినాలకు మాట వస్తాది. నీ అద్దం కోసం నా బిడ్డ మాట పోగొట్టుకోవాల్నా? నీ శాస్త్రాలు అంత గొప్పవైతే ఆ పొద్దు నీ రాయికి కట్టె ఎందుకు జారె?"

అన్నాక తెలిసింది ఎంత మాట అన్నదో. ముసలాయన తల దించుకుని లోపలికి పోయాడు. మల్లీశ్వరి వెనక్కి పిలవలేదు. పిలిచే నోరు కాదది.

పొద్దు గుంకింది. దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. ఆళ్ళగడ్డలో అది రోజూ ఉండేదే. వీధంతా ఒక్కసారిగా నల్లబడింది. మబ్బు పట్టి చుక్క కూడా లేదు. ఎవరిదో రేడియో సగం మాటలో ఆగింది. పక్కింట్లో అగ్గిపెట్టె వెతుక్కుంటున్న చప్పుడు. వేడెక్కిన రాళ్ళ వాసన, దొడ్లో తడిసిన రాతిపొడి వాసన. ఎవరు తడిపారో. వాన పడి నెలలయింది.

"అంబీ, ఈడనే కూర్చో. దీపం తెస్తా" అంది మల్లీశ్వరి.

వంటింట్లో కిరసనాయిలు బుడ్డి కోసం తడుముతోంది. అప్పుడు వినిపించింది.

గర్‌ర్...

ఆమె చేయి ఆగింది.

చీకట్లో అది కదలదు. కళ్ళు మూసుకుంటాయి. వైరు తనే కలిపింది. కదలడానికి దారే లేదు.

గర్‌ర్... గర్‌ర్...

చప్పుడు నడవలోంచి దొడ్డివైపు పోతోంది. కొంచెం ఎడమకు లాగుతూ... సర్దుకుంటూ... ఆ వెనకే చిన్న కాళ్ళ పట్టీల గలగల.

"అంబీ?"

గలగల ఆగలేదు.

"అంబీ! యాడికి పోతాండావే? నిలబడు!"

మల్లీశ్వరి చీకట్లో పరుగెత్తింది. గడప తగిలి పడింది. మోకాలు చిట్లింది. లేచింది. దొడ్లో చేతికి ఎటు చాపినా రాళ్ళే. సగం చెక్కిన చేతులు, తలలు, పీఠాలు... చిన్నప్పుడు ఆడుకున్న దొడ్డే. ఇప్పుడు ఏ రాయి ఎక్కడుందో గుర్తు రావడం లేదు. ఒక్కో రాయీ చల్లగా, తడిగా తగులుతోంది.

చప్పుడు మారింది. బండి దేనికో అడ్డంపడి నూకుతోంది. ఆగడం లేదు. రబ్బరు పట్టీలు మట్టిలో తిరుగుతున్నాయి. తొట్టి పళ్ళు రాతిని గీకుతున్నాయి.

గీర్... గీర్... గీర్...

ఆ రాయే. పడిపోయిన ఆ రాయి కిందికి దూరాలని చూస్తోంది. అంజిని బయటికి తీసిన ఆ సందులోకే.

మల్లీశ్వరి చేతులు చాచుకుంటూ వెళ్ళింది. ముందు అంబి జుట్టు తగిలింది. తర్వాత భుజాలు. తర్వాత మోచేతులు... రెండూ పైకి మడిచి ఉన్నాయి. అరచేతులు కళ్ళ మీద. ఆ రోజు నిలబడిన చోటే. ఆ రోజు నిలబడినట్టే.

"తల్లీ..." గుసగుసగా అంది. "చేతులు తీయమ్మా..."

గీర్... గీర్...

గీకుడుకు జవాబుగా, రాయి కింద ఏదో ఒకసారి తట్టింది.

మల్లీశ్వరి నేల మీద పడి, బండిని దొరకబుచ్చుకుని, గోళ్ళతో ఆ రెండు బిళ్ళలనూ పట్టి లాగింది. ఒకటి ఊడింది. రెండోది రాలేదు. పళ్ళతో కొరికి తెంపింది. నోట్లో సీసం రుచి, రక్తం రుచి. మోటార్లు ఆగాయి. లోకమంతా ఆగినట్టయింది.

అప్పుడే కరెంటు వచ్చింది. వీధిలో పిల్లలు హో అని అరిచారు. కొట్టం మీది బల్బు వెలిగింది. ఓబులాచారి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

మల్లీశ్వరి అంబి చేతులను మెల్లగా దించింది. ఈసారి తేలిగ్గానే వచ్చాయి. కళ్ళు మాత్రం గట్టిగా మూసే ఉన్నాయి.

"అయిపోయె తల్లీ. కరెంటొచ్చె. కండ్లు తెరువు."

అంబి పెదవులు కదిలాయి. ఏడాదిగా ఆ తల్లి ఎదురుచూసిన మాట, బొంగురుగా, స్పష్టంగా వచ్చింది.

"అన్న ఇంకా పిలవలా."

అంతే. మళ్ళీ మాట లేదు. రెప్ప కూడా తెరవలేదు. కర్నూలులో డాక్టర్లు రెప్పలు విప్పి దీపం వేసి చూశారు. కన్ను బ్రహ్మాండంగా ఉందన్నారు. వేలు తీయగానే రెప్ప మూసుకునేది. కళ్ళు మూసుకునే అన్నం తినేది. కళ్ళు మూసుకునే ఇల్లంతా తిరిగేది. దేనికీ తగిలేది కాదు. పొద్దు గుంకే వేళకు మాత్రం లేచి, నడుస్తూ, కొంచెం ఎడమకు లాగి, సర్దుకుని, అంజి ఫొటో ముందు గోడకు జానెడు దూరంలో ఆగేది.

మల్లీశ్వరి ఊడబెరికిన బిళ్ళలను అగ్గిపెట్టెలో వేసి ఇంతియాజ్ ముందు పెట్టింది. షాపు షట్టరు దించారు. లైటు ఆర్పారు. కరెంటు పారేదీ లేనిదీ చూపే మీటరు ముల్లు కనబడేంత మటుకు, వెలుతురు బిళ్ళలకు తగలకుండా మల్లీశ్వరి టార్చిని గుడ్డలో చుట్టి పట్టుకుంది. బిళ్ళ తీగలకు ఇంతియాజ్ మీటరు కడ్డీలు ఆనించి, బిళ్ళను గుప్పిట్లో మూశాడు. చీకట్లో ముల్లు లేవకూడదు.

ముల్లు లేచింది. చివరిదాకా పోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టినట్టు.

ఇంతియాజ్ గుప్పిట విప్పలేదు. "అక్కా..." అన్నాడు. "ఇవి ఇంకా చూస్తాండాయి."

ఆ సాయంత్రమే మల్లీశ్వరి తండ్రికి ఫోన్ చేసింది. "నాయనా, అద్దం తీసుకుని రా" అంది. తండ్రి ముందు ఆమె ఓడిపోవడం అదే మొదలు.

ఓబులాచారి తలస్నానం చేసి నంద్యాలకు వచ్చాడు. పాత చెక్క చట్రం అద్దం, ఎన్నో విగ్రహాల మొదటి చూపును మోసిన అద్దం. అంబిని పీట మీద కూర్చోబెట్టి, ఎదురుగా దాన్ని పట్టుకున్నాడు. "మళ్ళీ మొదట్నించి తెరిపియ్యాల. తన చూపు తన మీదనే పడాల. నువ్వు వెనక కూర్చో, బిడ్డను పట్టుకో. కదలనియ్యద్దు."

మల్లీశ్వరి వెనక కూర్చుని బిడ్డ భుజాలు పట్టుకుంది. ముసలాయన పెదవుల్లో మంత్రం ఆడింది. కర్పూరం వాసన. బయట మిరపకాయ బజ్జీల వాసన. అంతా మామూలుగానే ఉంది.

"అంబీ" అన్నాడు తాత. "తెరువు తల్లీ."

కాసేపు చూశాడు. ఆయన మొహం వాడిపోయింది. "తెరవలా" అన్నాడు. "ఒక్క రెప్పన్నా కదల్లా మల్లీ."

అవును. వెనక నుంచి వంగి చూస్తే మల్లీశ్వరికీ కనబడుతోంది. బిడ్డ రెప్పలు గట్టిగా మూసే ఉన్నాయి.

తల ఎత్తి అద్దంలోకి చూసింది.

అద్దంలో అంబి కళ్ళు తెరిచే ఉన్నాయి. వెడల్పుగా, రెప్ప వేయకుండా. అవి అంబిని చూడటం లేదు. తల్లిని చూడటం లేదు. తల్లి భుజం వెనక, కొంచెం ఎడమకు, ఒక పిల్లవాడు నిలబడితే మొహం ఎక్కడ ఉంటుందో... అక్కడ నిలిచి ఉన్నాయి.

మల్లీశ్వరి చేతుల కింద బిడ్డ భుజాలు మెల్లగా సడలాయి. ఎవరో చెవిలో ఏదో చెబుతుంటే వింటున్నట్టు, అంబి తల పక్కకు వంచింది.

"ఆఁ..." అంది. "వస్తాండా."